తకరజుకా నాటకానికి అమ్మను తొలిసారి తీసుకువెళ్తున్నాను: ఏమేం తెలుసుకుని వెళ్లాలి?

ప్రశ్న: క్యోటో నివాసి

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా క్యోటోలో ఉంటున్నాను. వచ్చే ఏప్రిల్‌లో మా అమ్మ రాజమహేంద్రవరం నుంచి వచ్చి కొన్ని వారాలు నా దగ్గర ఉంటుంది. గుళ్లూ, తోటలూ, చెర్రీపూలూ ఎలాగూ చూపిస్తాను గానీ, అమ్మకు అన్నిటికన్నా ప్రీతి నాటకం మీద. చిన్నప్పుడు తాతయ్య వెంట వెళ్లి తెల్లవార్లూ పద్యనాటకాలు చూసిన మనిషి. రాయబారం పద్యాలు ఇప్పటికీ వంట చేసుకుంటూ పాడుకుంటుంది. ఇక్కడి రంగస్థలం కూడా ఆమెకు చూపించాలని ఉందని నేనంటే, మా ఆఫీసులో పనిచేసే ఒక జపాను ఆవిడ మరో ఆలోచన లేకుండా తకరజుకాకు తీసుకువెళ్లమని చెప్పారు. మగవేషాలతో సహా అన్ని పాత్రలనూ స్త్రీలే ధరిస్తారనీ, వందేళ్లు దాటిన సంస్థ అనీ ఆమె చెబితేనే నాకు తెలిసింది.

నా సందేహాలు ఇవి. నాకు వచ్చిన జపాను భాష ఆఫీసులోనూ దుకాణాల్లోనూ సరిపోతుంది గానీ మూడు గంటల నాటకానికి సరిపోదు. అమ్మకైతే ఒక్క ముక్క రాదు. అలాంటప్పుడు అంత ఖర్చు పెట్టి వెళ్లడంలో అర్థం ఉందా? టికెట్లు దొరకడం కష్టమని అంటున్నారు, అది ఎంతవరకు నిజం? కింది అంతస్తు మంచిదా, పై అంతస్తు మంచిదా? అమ్మ చీర కట్టుకుంటుంది, మాంసం, చేపలు ముట్టదు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. రంగస్థలాన్ని బాగా ఎరిగిన మనిషికి ఇందులో దేన్ని గమనించమని ముందుగా చెప్పాలి? చూసినవారు దయచేసి వివరంగా రాయండి.

జవాబు: కోబే నివాసి

మీ అమ్మగారిని తప్పకుండా తీసుకువెళ్లండి. భాష గురించి మీకున్న సందేహం మొదటిసారి వెళ్లే మనవాళ్లందరికీ ఉండేదే కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

తకరజుకాలో ఒక పూట కార్యక్రమం సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది. గంటన్నర పైచిలుకు సాగే సంగీతనాటకం మొదటిది. అరగంట విరామం తరువాత, దాదాపు గంటసేపు కథ అంటూ ఏదీ లేకుండా పాటలతో, నృత్యాలతో సాగే రెవ్యూ రెండోది. ఈ రెండో భాగానికి భాషతో పనే లేదు. మొదటి భాగానికి మాత్రం కథ తెలిసి ఉండాలి. సంస్థ అధికారిక వెబ్‌సైటులో ప్రతి నాటకానికీ కథాసంగ్రహం ఇంగ్లిషులో దొరుకుతుంది. దాన్ని మీరు చదివి, ముందురోజు రాత్రి అమ్మగారికి తెలుగులో తీరికగా చెప్పండి. పద్యనాటకాలకు వెళ్లే మన పెద్దవాళ్లు కథ తెలియక వెళ్లేవారు కాదు కదా! తెలిసిన కథను నటుడు ఎలా నడిపిస్తాడో, ఆ ఘట్టంలో ఏ రాగం అందుకుంటాడో చూడడానికే వెళ్లేవారు. ఆ అలవాటున్న ప్రేక్షకురాలికి ఇక్కడ సగం పని ముందే అయిపోయినట్టు.

కొన్నిసార్లు ఒకే పెద్ద నాటకాన్ని రెండంకాలుగా పూర్తిగా ఆడతారు. మీరు వెళ్లే తేదీల్లో ఏది ఉందో చూసుకోండి. తొలిసారి చూసేవారికి నాటకమూ రెవ్యూ విడివిడిగా ఉన్న కార్యక్రమమే నయమని నా అభిప్రాయం. రెండంకాల నాటకంలో కూడా కథ ముగిశాక చిన్న రెవ్యూ ఉండనే ఉంటుంది. కథలో నాయకుడు ప్రాణాలు విడిచినా సరే, కాసేపటికే ఆ నటి తళతళలాడే దుస్తుల్లో, వీపున పెద్ద ఈకల అలంకారంతో నవ్వుతూ మెట్లు దిగి వస్తుంది. ఇది అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చనిపోయినవాడు బతికి వచ్చాడేమిటని అక్కడే అడుగుతారు.

ఆ మెట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రంగస్థలం వెడల్పంతా పరుచుకుని, నిలువెల్లా దీపాలు పొదిగిన ఆ మెట్ల వరుసలో 26 మెట్లు ఉంటాయి. ఒక్కొక్క మెట్టు లోతు 23 సెంటీమీటర్లే, అంటే పాదం పూర్తిగా ఆనడమే కష్టం. దాని మీద ఎత్తు మడమల బూట్లతో, చేతిలో రిబ్బన్లు కట్టిన చిన్న అలంకారం పట్టుకుని, పాడుతూ, చూపు ప్రేక్షకుల మీదే నిలిపి దిగుతారు. ఎవరూ కిందికి చూడరు. మీరు దుర్భిణి పెట్టుకుని ఒకరి పాదాలను మాత్రమే కాసేపు గమనించండి. మడమ అంచుతో మెట్టును తడుముకుని, నిర్ధారించుకుని, ఆ తరువాతే బరువు వేయడం కనిపిస్తుంది. పైన ముఖం మాత్రం నిశ్చింతగా నవ్వుతూనే ఉంటుంది. ఏళ్ల సాధన అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైనంతగా మరెక్కడా అర్థం కాలేదు.

దిగి వచ్చే వరుసకు కూడా లెక్క ఉంది. మొదట ఒక గాయని మెట్ల మధ్య నిలబడి పాటతో ముగింపు ఊరేగింపును ప్రారంభిస్తుంది. తరువాత చిన్నవారు గుంపులు గుంపులుగా దిగుతారు. ఆపైన స్థాయి పెరిగేకొద్దీ ఒక్కొక్కరుగా, అలంకారం అంతకంతకూ పెద్దదవుతూ వస్తారు. చివరికి ప్రధాన నాయిక, అందరికన్నా ఆఖరున టాప్ స్టార్ అని పిలిచే ప్రధాన నాయకపాత్రధారిణి, అందరికంటే పెద్ద ఈకలతో. అంటే ఆ బృందంలో ఎవరి స్థానం ఏమిటన్నది మాటల్లో కాక మెట్ల మీదే ప్రకటితమవుతుంది. దీన్ని తెలుసుకుని చూస్తే, నాటకంలో రెండు మాటలు మాత్రమే ఉన్న అమ్మాయి ఊరేగింపులో ఏ వరుసలో దిగిందో గమనించడం కూడా ఒక ఆనందమే. ఇక్కడి అభిమానులు ఏళ్ల తరబడి వెళ్లేది ఆ ఎదుగుదలను కళ్లారా చూడడానికే.

సంస్థ గురించి రెండు ముక్కలు. ఇప్పటి హంక్యూ రైల్వేకు మూలపురుషుడైన కొబయాషి ఇచిజో, తన రైలుమార్గం చివరనున్న తకరజుకా అనే వేడినీటి ఊటల ఊరికి ప్రయాణికులను రప్పించడానికి బాలికల గానబృందాన్ని ఏర్పాటు చేశాడు. అక్కడ కట్టిన ఈతకొలను నడవకపోతే, దాని మీద బల్లలు పరిచి నాటకశాలగా మార్చారు. 1914 ఏప్రిల్ 1న తొలి ప్రదర్శన అక్కడే జరిగింది. ఇప్పుడు పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం, విశ్వం అనే ఐదు బృందాలు వంతులవారీగా ఆడుతున్నాయి. ఒక్కొక్క నాటకం ముందుగా తకరజుకాలోని పెద్ద నాటకశాలలోనూ, ఆ తరువాత టోక్యోలోనూ ఆడుతుంది. నటీమణులందరూ సంస్థకే చెందిన సంగీత పాఠశాల నుంచే రావాలి. అది రెండేళ్ల చదువు, ఏటా దాదాపు 40 మందికే ప్రవేశం, 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలకే అర్హత. పెళ్లి చేసుకోదలచినవారు సంస్థను విడిచిపెట్టాలి.

మీరు ఏప్రిల్‌లో వెళ్తున్నారు కనుక ఒక విషయం చూసుకోండి. ఆ ఏడాది పాఠశాల నుంచి బయటికి వచ్చిన అమ్మాయిలు సాధారణంగా వసంతకాలపు ప్రదర్శనలోనే మొదటిసారి రంగస్థలం ఎక్కుతారు. కార్యక్రమానికి ముందు నల్లని కిమోనో, దాని మీద నడుము నుంచి కిందికి మడతలతో కట్టే ఆకుపచ్చ హకామా కట్టి వరుసగా నిలబడి ప్రేక్షకులకు నమస్కరిస్తారు. రెవ్యూలో అందరూ ఒక్క వరుసలో కాళ్లు పైకెత్తి చేసే నృత్యం ఒకటి ఉంటుంది. ఇది తకరజుకాలోనే తప్ప టోక్యోలో చూడడానికి దొరకదు. టోక్యో నాటకశాల ఎంత సౌకర్యంగా ఉన్నా మీరు మాత్రం తకరజుకాకే వెళ్లండి. క్యోటో నుంచి హంక్యూ రైలెక్కి జూసోలో మారితే గంటంబావులో చేరిపోవచ్చు. స్టేషను నుంచి నాటకశాలకు చెర్రీచెట్ల మధ్యగా నడకదారి ఉంది, నెమ్మదిగా నడిచినా పదిహేను నిమిషాలు పట్టదు. అమ్మగారి మోకాళ్లకు అది ఇబ్బంది కాకూడదు.

టికెట్ల సంగతి: కష్టమే, కానీ అసాధ్యం కాదు. అధికారిక వెబ్‌సైటులోనూ, పెద్ద టికెట్ సంస్థల దగ్గరా అమ్మకం మొదలయ్యే తేదీని ముందుగా రాసిపెట్టుకోండి. లాటరీ పద్ధతిలో ఇచ్చే అవకాశాలుంటే అన్నిటికీ దరఖాస్తు చేయండి. శని, ఆదివారాల కన్నా మామూలు పనిదినాల్లో అవకాశం ఎక్కువ. తకరజుకాలో సాధారణంగా బుధవారం సెలవు. ఎవరో ఎక్కువ ధరకు అమ్ముతున్నారని తెలియనివారి దగ్గర మాత్రం కొనకండి. అలా లాభానికి తిరిగి అమ్మడం 2019 నుంచి ఇక్కడ చట్టరీత్యా నేరం, పైగా ద్వారం దగ్గర లోనికి రానివ్వకపోవచ్చు.

జవాబు: టోక్యో నుంచి ఒక ప్రేక్షకుడు

పైన రాసినవారు అన్నీ చక్కగా చెప్పారు. నేను చెప్పదలచుకున్నది మన తెలుగువారికి సంబంధించిన సంగతి.

2024 జనవరిలో నక్షత్ర బృందం, ఎస్.ఎస్. రాజమౌళి గారి ఆర్ఆర్ఆర్ సినిమాను సంగీతనాటకంగా తకరజుకాలో ప్రదర్శించింది. తరువాత అదే టోక్యోకు వచ్చింది. ఆ సినిమా 2022 అక్టోబరులో జపానులో విడుదలై ఇక్కడి ప్రేక్షకుల మనసును ఎంతగా గెలుచుకుందో మీకందరికీ తెలుసు. నేను టోక్యోలో హిబియా అనే చోట ఉన్న నాటకశాలలో దాన్ని చూశాను. తకరజుకా పద్ధతి ఏమిటో నాకు అసలు అర్థమైంది ఆ రోజే. నాకు అక్షరం అక్షరం తెలిసిన కథను ఈ సంస్థ తన సంప్రదాయానికి తగ్గట్టు ఎలా మలుచుకుందో పక్కపక్కనే పెట్టి చూసే అవకాశం దొరికింది కనుక.

సినిమాలో రాముడూ భీముడూ సమానం. ఎవరు గొప్ప అన్న వాదనకు తావివ్వకుండా మూడు గంటలపాటు త్రాసు సరిగ్గా పట్టుకున్నారు. తకరజుకాలో ఆ సమానత్వానికి వీలు లేదు, ఎందుకంటే బృందానికి ఒక్కరే టాప్ స్టార్. ఆ బృందానికి అప్పటి టాప్ స్టార్ రేయి మకోతో భీముడు కనుక కథ మొత్తం భీముడి వైపు నుంచి నడిచింది. సినిమాలో కాసేపే కనిపించే జెన్నీ, బృందంలోని ప్రధాన నాయిక మాయిసొరా హితోమి ధరించిన పాత్ర కావడం వల్ల, ఇక్కడ కథకు నాయిక అయింది. రామరాజుగా అకత్సుకి చిసేయి నటించారు. మూడు గంటల సినిమాను గంటన్నర పైచిలుకులోకి కుదించి, విరామం తరువాత వయొలెటోపియా అనే రెవ్యూ ప్రదర్శించారు. సినిమాను అలాగే దించేయాలని వారు ప్రయత్నించలేదు. తమ బృందంలో ఎవరి స్థానం ఏమిటో దాన్ని బట్టి కథను తిరిగి అల్లుకున్నారు. మీరు ఏ నాటకానికి వెళ్లినా సరే, టాప్ స్టార్ ఎవరు, ప్రధాన నాయిక ఎవరు, రెండో స్థానంలో ఉన్న నటి ఎవరు అన్న మూడు పేర్లు తెలుసుకుని వెళ్తే, కథలో ఏ పాత్రకు ఎందుకు పాట వచ్చిందో, ఎవరి మీద దీపం ఎందుకు పడిందో తేటతెల్లంగా తెలిసిపోతుంది.

నాటు నాటు పాట వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. కీరవాణి గారి బాణీకి, మన ఊళ్లలో దుమ్ము రేపుతూ వేసే చిందుకు, పదిహేనేళ్ల వయసు నుంచి బాలే, జపాను నృత్యం నేర్చిన అమ్మాయిలు మగదుస్తుల్లో అడుగు వేస్తుంటే, హాలంతా లయ తప్పకుండా చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, నేను భారతదేశం నుంచి వచ్చానని తెలిసి విరామంలో నాకు కృతజ్ఞత చెప్పారు. ఆ పాటతో నాకు ఏ సంబంధమూ లేదు, అయినా ఆ కృతజ్ఞతను మన భాష తరఫున తీసుకున్నాను.

ఇంకొక మాట. ప్రేక్షకుల్లో అత్యధికులు స్త్రీలే, కానీ పురుషులు వెళ్తే ఎవరూ వింతగా చూడరు. ఇది చదివే తండ్రులూ అన్నదమ్ములూ మొహమాటపడవద్దు.

జవాబు: రంగస్థల విద్యార్థిని, హైదరాబాద్

నేను రంగస్థల కళల్లో పరిశోధన చేస్తూ, ఆ పని మీద జపానులో కొంతకాలం ఉన్నాను. దేన్ని గమనించమని అమ్మగారికి చెప్పాలన్న ప్రశ్నకు నా వంతు జవాబు రాస్తాను.

మీ అమ్మగారి తరం వారు స్థానం నరసింహారావు గారి పేరు వినే ఉంటారు. సత్యభామగా ఆయన రంగం మీదికి వస్తే, ఆయన పురుషుడన్న సంగతిని స్త్రీలే మరిచిపోయేవారని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిదీ అదే మార్గం. జపానులో కూడా 1629లో ప్రభుత్వం స్త్రీలను రంగస్థలం మీద నిషేధించిన తరువాత, కబుకి అనే అక్కడి సంప్రదాయ నాటకంలో స్త్రీపాత్రలను పురుషులే ధరించే కళ స్థిరపడింది. తకరజుకా దీనికి సరిగ్గా ఎదురుదిశలో నిలబడింది. అమ్మగారికి ఇది చెబితే, మగవేషం వేసిన నటిలో ఏం వెతకాలో ఆమెకు మరి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మగపాత్రధారిణి కావడానికి పదేళ్లు పడుతుందని ఆ సంస్థలో ఒక నానుడి ఉంది. జుట్టు కురచగా కత్తిరించుకుంటారు. నడుము వంపు కనిపించకుండా దుస్తుల లోపల మెత్తలు కట్టుకుంటారు. గొంతును కింది స్థాయికి దించి పాడడం సాధన చేస్తారు. వీటికన్నా కష్టమైనది కదలకుండా ఉండడం. టోపీ అంచును రెండు వేళ్లతో సరిచేసుకునే తీరు, కుర్చీలో కూర్చోబోయే ముందు కోటు అంచును వెనక్కి తోసే తీరు, ఎదుటి వ్యక్తి మాట్లాడుతున్నంతసేపూ బరువంతా ఒక కాలి మీద మోపి నిశ్చలంగా నిలబడే తీరు చూడండి. నిజజీవితంలో ఏ మగవాడూ అంత శ్రద్ధగా కూర్చోడు, నిలబడడు. వారు మగవారిని అనుకరించడం లేదని, స్త్రీల ఊహలోని పురుషుడిని ఒక శిల్పంలా చెక్కుతున్నారని నాకు అనిపించింది. రెవ్యూలో నల్లని తోకకోట్లతో మగపాత్రధారిణులందరూ కలిసి చేసే నృత్యం ఉంటే, ఆ కొన్ని నిమిషాల్లో ఈ శిల్పమంతా ఒక్కసారిగా కనిపిస్తుంది.

దీనికి రెండో సగం స్త్రీపాత్రధారిణుల కళ. తొలిసారి చూసేవారు దీన్ని దాదాపు గమనించరు, అది నాకు బాధ కలిగించే విషయం. నాయకుడు పొడుగ్గా, దృఢంగా కనిపించడంలో సగం శ్రమ నాయికది. అతడి పక్కన నిలబడినప్పుడు లంగా మడతల లోపల మోకాళ్లు వంచి తన ఎత్తు తగ్గించుకుంటుంది, బయటినుంచి చూసేవారికి ఆ సంగతే తెలియదు. జంటనృత్యంలో ఆమె వెనక్కి వాలినప్పుడు, ఎత్తేవాడి బలం కన్నా వాలే ఆమె నడుము బలమే ఆ భంగిమను నిలబెడుతుంది. తలకూ మెడకూ పెట్టుకునే అలంకారాలను వారు చాలామటుకు తమ చేతులతోనే తయారు చేసుకుంటారు. ఒక పాత్రకు ఏ రంగు రాయి నప్పుతుందో ఆలోచించి, పూసలు గుచ్చి, తీగ చుట్టి, పాటకో తీరుగా మార్చుకుంటారు. అమ్మగారికి దుర్భిణి ఇచ్చి నాయిక జుట్టును ఒకసారి చూడమనండి.

మరొక విషయం కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. 2023 సెప్టెంబరులో ఈ సంస్థకు చెందిన ఒక యువనటి మరణించారు. మితిమీరిన పని, పైవారి వేధింపులు ఆమె మరణానికి కారణమని కుటుంబం చెప్పింది. 2024 మార్చిలో యాజమాన్య సంస్థ వేధింపులు జరిగాయని ఒప్పుకుని కుటుంబానికి క్షమాపణ చెప్పింది. నేను పైన మెచ్చుకున్న క్రమశిక్షణకూ, పెద్దా చిన్నా అంతరానికీ ఇలాంటి ముఖం కూడా ఉందని తెలిసే ఈ కళను ప్రేమిస్తున్నాను. మీరు వెళ్లే రోజు ప్రదర్శన రద్దయినా, ఎవరైనా విశ్రాంతి కోసం తప్పుకుని మరొకరు ఆ పాత్ర ధరించినా, దయచేసి నిరాశపడకండి. ఆ విశ్రాంతి వారికి చాలా ఆలస్యంగా దొరుకుతున్నది.

జవాబు: ఒసాకా గృహిణి

నేను రాసేది అచ్చంగా పెద్దవాళ్లను తీసుకువెళ్లే వారికి పనికొచ్చే మాటలు.

చీర నిశ్చింతగా కట్టుకోవచ్చు. అక్కడ కిమోనోల్లో వచ్చేవారు కూడా కనిపిస్తారు కాబట్టి అమ్మగారు ఎంతో ముచ్చటగా ఉంటారు. జడలో పూలు పెట్టుకోవచ్చు గానీ కొప్పు ఎత్తుగా వేయవద్దు, వెనకవారికి అడ్డం. గాజులు ఎక్కువ ఉంటే చప్పట్లు లేని చోట ఆ చప్పుడు వినిపిస్తుంది, నాలుగు తగ్గించుకోమనండి. అన్నిటికన్నా ముఖ్యం, సీటులో వీపు ఆనించి కూర్చోవాలి. బాగా కనిపించాలని ముందుకు వంగితే వెనక వరుసలో వారికి రంగస్థలం మధ్యభాగం పూర్తిగా కనుమరుగవుతుంది. ఈ ఒక్క విషయంలో ఇక్కడి ప్రేక్షకులు ఎంతో పట్టింపుగా ఉంటారు. ఫొటోలు, వీడియోలు తీయకూడదు. టాప్ స్టార్ మొదటిసారి కనిపించినప్పుడు, పాట ముగిసినప్పుడు చప్పట్లు కొడతారు. ముగింపు ఊరేగింపులో లయతో పాటు కొడతారు. మీకు తెలియకపోయినా చుట్టుపక్కలవారిని అనుసరిస్తే చాలు.

భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. ఇక్కడ కూరగాయల వంటకంలా కనిపించేదాంట్లో కూడా చేపరసం పడుతుంది. పులిహోర కట్టుకుని వెళ్లండి. హాలు లోపల సీట్లలో తినకూడదు కనుక, కార్యక్రమానికి ముందే కోబే వారు పైన చెప్పిన ఆ నడకదారిలో బల్లల మీద కూర్చుని తినేయడం హాయి. విరామంలో స్త్రీల మరుగుదొడ్ల దగ్గర వరుస చాలా పొడుగ్గా ఉంటుంది, చూసి భయపడకండి, చకచకా కదులుతుంది. అయినా మోకాళ్ల నొప్పులున్నవారితో తెర పడగానే లేచి వెళ్లడం మంచిది.

సీటు విషయంలో నా మాట: తొలిసారి పై అంతస్తు మొదటి వరుసలే. ఈ నాటకశాలలో 2,550 సీట్లు ఉన్నాయి. రంగస్థలం చాలా వెడల్పు. కింది అంతస్తులో కూర్చుంటే నృత్యంలో అందరూ కలిసి ఏర్పరిచే ఆకృతులు తెలియవు, మెట్ల మీద వరుసలు ఒకదాని మీద ఒకటి పడినట్టు కనిపిస్తాయి. పైనుంచి అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ధర కూడా తక్కువ. అన్నిటికన్నా ఖరీదైన ముందు సీటుకూ, పైన చివరి వరుసల సీటుకూ మధ్య మూడు రెట్లకు మించిన తేడా ఉంటుంది.

జవాబు: కోబే నివాసి

ఒసాకా వారి మాటను గౌరవిస్తూనే నేను విభేదిస్తాను. వాద్యబృందం కూర్చునే గోతికీ ప్రేక్షకులకూ మధ్య, రంగస్థలం ఈ కొస నుంచి ఆ కొసకు సన్నని వంపుదారి ఒకటి ఉంది. వెండి వంతెన అని పిలుస్తారు. నాయకుడు ఒంటరిగా ఆ దారి మీదికి వచ్చి పాడేటప్పుడు, కింది అంతస్తు ముందు వరుసల వారికి అతడికీ మధ్య నాలుగైదు అడుగుల దూరం మించి ఉండదు. ఊపిరి తీసుకున్నప్పుడు భుజం కదలడం, చెమట కింద చెదరని కంటి రంగు, చేతివేళ్ల చివర ఉంగరం, అన్నీ కనిపిస్తాయి. రంగస్థల విద్యార్థిని గారు చెప్పిన శిల్పాన్ని చూడాలంటే అదే చోటు. అమ్మగారికి ఇది బహుశా ఒక్కసారే దొరికే అవకాశం కనుక, డబ్బుకు వెనకాడకుండా కింద పదో వరుసకు లోపల దొరికితే తీసుకోండి. పదిహేనో వరుస దాటితే మాత్రం ఒసాకా వారు చెప్పినట్టు పై అంతస్తే మేలు.

జవాబు: క్యోటో నివాసి

ఇంత వివరంగా రాసిన అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. స్థానం వారి పేరు రాగానే మధ్యలో ఆపి, తాతయ్య ఆయన నాటకం చూసిన సంగతి చాలాసేపు చెప్పింది. మగవేషం వేసే ఆ అమ్మాయిలు మాట్లాడేటప్పుడు ఏ స్థాయిలో గొంతు పెడతారు, పాటకు వచ్చేసరికి అదే స్థాయి నిలుస్తుందా అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. సీటు విషయంలో లాటరీకి రెండు రకాలూ పెడతాను, ఏది వస్తే అదే. పనిదినం రోజు పదకొండు గంటల ప్రదర్శనకు ప్రయత్నిస్తున్నాను.

జవాబు: రంగస్థల విద్యార్థిని, హైదరాబాద్

అమ్మగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. మాటలో గొంతు బాగా కిందికి దించుతారు. పాటలోనూ ఆ బరువును నిలుపుతారు గానీ, పైస్థాయికి వెళ్లే చోట ఒక్కొక్కరూ ఒక్కొక్క దారి వెతుక్కుంటారు. కొందరు ఛాతీ నుంచి వచ్చే గొంతునే పైదాకా లాగుతారు, మరికొందరు స్వరాన్ని మెల్లగా పలచన చేస్తారు. ఆ మలుపు ఎక్కడ వస్తుందో పద్యం ఎరిగిన చెవికి వెంటనే తెలుస్తుంది. యువనటుల్లో ఆ అతుకు వినిపిస్తుంది, పదేళ్లు దాటినవారిలో వినిపించదు. ప్రదర్శన మొదలయ్యే ముందు చీకట్లో టాప్ స్టార్ గొంతుతోనే స్వాగత ప్రకటన వస్తుంది. అమ్మగారిని ఆ ప్రకటన దగ్గర నుంచే వినమనండి, తరువాత పాటతో పోల్చుకోవచ్చు. దానికోసం పదకొండుకు చాలా ముందే సీట్లలో ఉండాలి, కాబట్టి క్యోటోలో ఎనిమిదిన్నర దాటకుండా రైలెక్కండి.